చాబీ చేతికిచ్చి షహర్‌ని గుంజుకున్నారు

మా ఆపా ఉండే కిరాయి గదిలో దర్వాజా పక్కన మేకుకి ఒక చాబీ వేలాడుతూ ఉంటుంది. అది ఆ గదిది కాదు. ఓఆర్ఆర్ దగ్గర సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇంటిది. రెండు గదులు, హాలు, వంటిల్లు, లోపలే బాత్రూం, నల్లా, లిఫ్టు. కాగజ్ మీద ఆపా పేరే ఉంది. అంత ఇల్లు పెట్టుకుని ఆమె షాలిబండ గల్లీలో ఒక్క గదికి నెలకు ఆరు వేలు కిరాయి కడుతోంది.

మొన్న ఈద్‌కి పోయినప్పుడు ఆ చాబీని చూసి ఒక చుట్టం నవ్వాడు. "సర్కార్ మహల్ ఇస్తే మీకు ఈ గల్లీయే కావాల్నా? మనోళ్ల నసీబే గింత" అన్నాడు. ఆపా ఏం మాట్లాడలేదు. చాయ్ పెట్టడానికి లేచి లోపలికి పోయింది. ఆమె ఇవ్వని జవాబు ఇక్కడ నేనిస్తున్నాను. ఎందుకంటే ఆ నవ్వు ఒక్క మా చుట్టానిది కాదు. దఫ్తర్లలో నవ్వుతున్నారు, టీవీల్లో నవ్వుతున్నారు. మనలో మనం కూడా నవ్వుకుంటున్నాం.

మా ఖాందాన్‌ది నల్లగొండ జిల్లా. ఆపా షాదీ అయ్యాక షహర్‌కి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. దూల్హాభాయ్ లాడ్‌బజార్‌లో లక్క గాజుల కారీగర్. ఆపా ఇంట్లో కూర్చుని జర్దోజీ పని చేస్తుంది. పత్తర్‌గట్టి దుకాణం నుంచి చీరెలు, దుపట్టాలు వస్తాయి, పని కాగానే తిరిగి పోతాయి. ముగ్గురు పిల్లలు. ఆపా అత్తగారికి షుగర్, నెలకోసారి ఉస్మానియా దవాఖానాకి తీసుకుపోవాలి. 2023లో డ్రాలో ఆపా పేరు వచ్చింది. ఆ రాత్రి గల్లీ అంతా మిఠాయి పంచారు. సామాన్ అంతా ట్రాలీ ఆటోలో వేసుకుని పోయారు. ఏడు నెలలకు అదే సామాన్‌తో తిరిగొచ్చారు.

ఆ ఏడు నెలల్లో ఏమైందో వినండి. దూల్హాభాయ్ పని రాత్రి పదింటికి గానీ అయిపోదు. రంజాన్‌లోనైతే సహరీ దాకా నడుస్తుంది, ఏడాది మొత్తంలో నాలుగు పైసలు వెనకేసుకునేది ఆ ఒక్క నెలలోనే. పని దిగేసరికి ఆఖరి బస్సు పోయేది. వారంలో మూడు రాత్రులు కార్ఖానాలోనే పడుకునేవాడు. ఆపా పని దాదాపు ఆగిపోయింది. "అంత దూరం మనిషిని పంపలేను ఆపా, మీరే వచ్చి మాల్ తీసుకుపోండి" అన్నాడు సేఠ్. ఒక దుపట్టా మీద వచ్చే మజ్దూరీ కోసం ఒక దినం మొత్తం రోడ్డు మీద పోయేది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా అంటారేమో. 2023 డిసెంబరు 9 నుంచి ఫ్రీయే, అల్లా భలా కరే, ఆ పథకం తెచ్చిన వాళ్లకు దువా చేస్తాను. కానీ టికెట్ ఫ్రీ అయింది, గంటలు ఫ్రీ కాలేదు. మూడు బస్సులు మారి పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు.

అసలు దెబ్బ పెద్ద బేటీకి తగిలింది. కాలేజీ పాత షహర్‌లోనే. ఫజ్ర్ కాగానే బయల్దేరితేనే మొదటి క్లాసు అందుతుంది. సాయంత్రం బస్సు దిగాక బ్లాకు దాకా కిలోమీటరున్నర నడక, దీపాలు లేని రోడ్డు. ఇంటర్ రెండో ఏడాది మొదలైన నెలకు దూల్హాభాయ్ తల వంచుకుని అన్నాడట, "కాలేజీ బంద్ చేయిద్దాం" అని. ఆపా అందట, "కాలేజీ కాదు, ఈ ఇల్లే బంద్ చేద్దాం."

అట్లా తాళం పడింది. ఇప్పుడు తాళం వేసిన ఇళ్లు క్యాన్సిల్ చేస్తామని మాట వస్తోంది. ఒక దఫ్తర్‌లో ఒకాయన ఆపా ముఖం మీదే "జరూరత్ లేనోళ్లకు ఇచ్చినం" అన్నాడు. కిరాయి గదిలో ఆరుగురు పడుకునే ఖాందాన్‌కి ఇంటి జరూరత్ లేదట!

నన్ను నాషుక్రా అనుకోకండి. ఆ ఇంటి గోడల్లో ఏ ఐబూ లేదు. డబ్బున్నవాళ్ల ఫ్లాట్ల కంటే కొన్నిచోట్ల బాగానే కట్టారు. నా ఝగ్డా గోడలతో కాదు, జగాతో. గరీబుకి ఇల్లంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. పనికి నడిచిపోయే దారి, పిల్లల బడి, దవాఖానా, ఉద్దెర ఇచ్చే కిరాణా షాపు, రాత్రిపూట జ్వరమొస్తే తలుపు తట్టగలిగే పడోసీ, ఇవన్నీ కలిస్తేనే ఘర్. సర్కారు ఆపాకి గోడలిచ్చి ఇవన్నీ వాపస్ తీసుకుంది. అందుకే నా మాట ఒక్కటే: షహర్‌లో మెట్రో స్టేషన్ల పక్కన, బస్ డిపోల పక్కన, ఎంఎంటీఎస్ స్టేషన్ల పక్కన సర్కారు జమీన్ ఎక్కడున్నా, దాని మీద మొదటి హక్ కిరాయికి బతికే మెహనతీ ఖాందాన్‌లది. మాల్‌ది కాదు, వేలం పాటలో ఎక్కువ బోలీ పాడినవాడిదీ కాదు.

"షహర్ నడుమ జాగా ఎక్కడుంది?" అంటారు. చెప్తాను, హిసాబ్ రాసుకోండి.

హైదరాబాద్ మెట్రో మొదటి దశ 69 కిలోమీటర్లు. 2017 నవంబరులో మొదలైంది. దాన్ని కట్టిన కంపెనీకి పట్టాలు, రైళ్లతో పాటు సర్కారు 269 ఎకరాల మీద బిల్డింగులు కట్టుకుని సంపాదించుకునే హక్కు కూడా ఇచ్చింది. డిపోల దగ్గర 212 ఎకరాలు, స్టేషన్ల దగ్గర 57 ఎకరాలు. మొత్తం ఒక కోటీ 85 లక్షల చదరపు అడుగులు కట్టుకోవచ్చని ఒప్పందం. టికెట్ పైసలతోనే మెట్రో నడవదు, జమీన్ ఆమ్‌దనీ తోడు కావాలని తర్కం. ఆ తర్కం నాకు అర్థమవుతుంది. కానీ ఆ జమీన్ మీద ఏం లేచిందో చూడండి. పంజాగుట్టలో మాల్, ఎర్రమంజిల్‌లో మాల్, హైటెక్ సిటీలో మాల్, మూసారాంబాగ్‌లో మాల్. నేను ఆ దారులన్నీ తిరిగాను. మాల్‌లో ఫ్లోర్ తుడిచే ఖాలాలు కనబడ్డారు, గేటు దగ్గర నిలబడే చాచాలు కనబడ్డారు. వాళ్లు ఉండటానికి ఒక్క ఘర్ అక్కడ కనబడలేదు.

ఇప్పుడు చిన్న లెక్క. డబుల్ బెడ్‌రూం ఇల్లు ఒక్కోటి సుమారు 560 చదరపు అడుగులు. ఆ కోటీ 85 లక్షల అడుగుల్లో మూడో వంతు మాత్రమే గరీబుల ఇళ్లకు పెట్టి ఉంటే దాదాపు 11 వేల ఇళ్లు. మెట్లకు, వరండాలకు కొంత పోయినా వేలల్లోనే ఉంటాయి. రెండు వంతులు మాల్స్‌కీ ఆఫీసులకీ వదిలేశాకే ఈ లెక్క.

మీరు అనొచ్చు, అయిపోయిందేదో అయిపోయింది కదా అని. కాలేదు. ఆ కోటీ 85 లక్షల అడుగుల్లో ఇప్పటిదాకా కట్టింది చిన్న భాగమే. పైగా 2025 సెప్టెంబరులో రాష్ట్ర సర్కారు ఆ మెట్రోని తానే తీసుకోవడానికి ఒప్పుకుంది. దాంతో పాటు సుమారు 13 వేల కోట్ల ఖర్జా కూడా తన నెత్తికెత్తుకుంటానంది. సర్కారు నెత్తి అంటే ఎవరి నెత్తి? అగ్గిపెట్టె కొన్నా ట్యాక్స్ కట్టే మన నెత్తే. అప్పు మనందరిదైనప్పుడు జమీన్ కూడా మనందరిదే కావాలి కదా. ఈ సవాల్ అడగాల్సిన మౌకా ఇదే. కొత్త కాగజ్‌లు రాసేటప్పుడు నోరు మూసుకుని, బిల్డింగు లేచాక ధర్నా చేస్తే ఫాయిదా లేదు.

మరి సర్కార్ల మనసు ఎటు ఉందో అది కూడా చూడండి. 2023లో కోకాపేటలో సర్కారు జమీన్ ఎకరం వంద కోట్లు దాటి పోయింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పలికింది. మెట్రో ఆఖరి స్టేషన్ ఉన్న రాయదుర్గమే అది. పేపర్లలో పండగలా రాశారు. ఒక పార్టీ హుకూమత్‌లో కోకాపేట, ఇంకో పార్టీ హుకూమత్‌లో రాయదుర్గం. జెండా మారింది, వేలం సుత్తి మారలేదు.

సరిగ్గా ఇక్కడే పెద్దమనుషులు ఒక దలీల్ తెస్తారు. "ఎకరం 177 కోట్లకు అమ్మితే, ఆ పైసలతో దూరంలో ఎన్నో ఇళ్లు కట్టొచ్చు. ఖరీదైన జమీన్ మీద గరీబుకి ఇల్లు కట్టడం బేవకూఫీ." వినడానికి సరిగ్గానే ఉంటుంది. అట్లా దూరంలో కట్టిన ఇళ్లకే కదా మా ఆపా పోయొచ్చింది.

కొల్లూరు చూడండి. సంగారెడ్డి జిల్లా, ఓఆర్ఆర్ పక్కన. 15,660 ఇళ్లు ఒక్కచోట. 2023 జూన్‌లో ధూంధాంగా ఓపెన్ చేశారు. చార్మినార్ నుంచి ముప్పై కిలోమీటర్ల పైమాటే. చార్మినార్ చుట్టూ పనిచేసే మనిషి అక్కడినుంచి రోజూ రావాలంటే ఏమవుతుందో లెక్క కట్టండి. రోజుకు నాలుగు గంటలు, నెలకు 26 రోజులు. 104 గంటలు. ఎనిమిది గంటల దినంగా చూస్తే 13 దినాల మజ్దూరీ. నెలలో 13 దినాలు ఆ మనిషి రోడ్డుకి బేగార్ చేస్తున్నాడన్నమాట. దాని మీద షేర్ ఆటోలకు, బస్సులకు రోజుకు వంద వేసుకోండి, మొగవాడికి నెలకు 2,600. ఆపా షాలిబండలో కట్టే కిరాయిలో అది దాదాపు సగం. సస్తా జమీన్ అన్నారు కదా, అది సర్కారుకి సస్తా. దాని అసలు ఖరీదు గరీబు ఖాందాన్ నెలనెలా కిస్తుల్లో కడుతోంది. ఆ కిస్తులకు ఆఖరు తారీఖు లేదు.

ఇంకోటి. జమీన్ ఒక్కసారి అమ్మితే ఒక్కసారే పైసలు. అవి ఏ బడ్జెట్ గుంతలో పడతాయో తెలిసేలోపే ఖర్చయిపోతాయి. జమీన్ మాత్రం మళ్లీ రాదు. ఉన్న జేవర్ అమ్మి ఇంటి ఖర్చు వెళ్లదీసే సంసారాన్ని మన పెద్దలు ఏమంటారో మీకు తెలుసు. నేను జమీన్ అమ్మొద్దంటున్నాను, పట్టా కూడా ఇవ్వొద్దంటున్నాను. ఈ మాట మనవాళ్లలో చాలామందికి నచ్చదు. అయినా చెప్పాలి. స్టేషన్ పక్క ఇంటిని గరీబు పేర పట్టా చేసి ఇస్తే, బేటీ షాదీకో, దవాఖానా బిల్లుకో, వచ్చిన ధరకు దలాల్ చేతిలో పెట్టేస్తాడు. మజ్బూరీ అట్లాంటిది, తప్పు పట్టను. కానీ ఐదేళ్లలో ఆ బ్లాకు మొత్తం పైసలున్నవాళ్లదైపోతుంది. అందుకే జమీన్ షహర్‌దే ఉండాలి, ఇల్లు షహర్‌దే ఉండాలి. ఖాందాన్‌కి ఆమ్‌దనీని బట్టి కిరాయి, కాగజ్ మీద గట్టి భరోసా. కిరాయి కట్టినన్నాళ్లు ఎవడూ లేవగొట్టలేడు. మనకి అమ్ముకునే హక్ కన్నా ఉండే హక్ ముఖ్యం.

ఇదేదో ఇంగ్లీషు కితాబుల్లోంచి తెచ్చిన ఖయాల్ అనుకోకండి. ఇది ఈ షహర్ పాత అలవాటే. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని మింగేసింది. ఆ తర్వాత 1912లో నిజాం హుకూమత్ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. రోడ్లు వెడల్పు చేసింది, మురికి బస్తీలు తీసేసింది, తీసేసిన బస్తీల బదులు గాలీ వెలుతురూ ఉన్న ఇళ్లు షహర్‌లోనే కట్టి తక్కువ కిరాయికి ఇచ్చింది. ఖైరతాబాద్‌లో, విజయనగర్ కాలనీలో సీఐబీ క్వార్టర్స్ అనే పేరు ఇప్పటికీ నోళ్లలో ఉంది కదా, ఆ సీఐబీ ఈ బోర్డే. 1960లో దాన్ని హౌసింగ్ బోర్డులో కలిపేశారు. బాద్షాల కాలంలో అన్నీ బాగుండేవని నేను అనను, గాలిబ్‌లూ మజ్లూమ్‌లూ అప్పుడూ ఉన్నారు. కానీ నూరేళ్ల కింద ఎడ్లబండ్ల కాలంలో షహర్ లోపల గరీబుకి కిరాయి ఇల్లు కట్టడం వీలైనప్పుడు, మెట్రో కాలంలో ఎందుకు వీలు కాదు?

ఈ కాలంలోనూ వీలైంది. సికింద్రాబాద్ భోయిగూడలో ఐడీహెచ్ కాలనీ ఉంది. 2015లో డబుల్ బెడ్‌రూం పథకం మొదలైందే అక్కడ. పాత ఇళ్లు పడగొట్టి, అదే జాగాలో 396 ఇళ్లు కట్టి, అదే మనుషులకు ఇచ్చారు. పని పోలేదు, బడి మారలేదు. చంచల్‌గూడ దగ్గర పిల్లిగుడిసెల్లోనూ ఉన్నచోటే 288 ఇళ్లు లేపారు. 2024లో మూసీ ఒడ్డు నుంచి లేపిన ఖాందాన్‌లలో కొందరికి మలక్‌పేట వైపు ఇళ్లు దొరికాయి కూడా. అంటే సర్కారుకి ఈ పని చేతకాక కాదు. దారి తెలిసీ, దాన్ని వదిలేసి దూరంలో వేల ఇళ్లు పేర్చే దారి పట్టింది. దూరంలో కడితే ఫోటో బాగా వస్తుంది, ఖరీదైన జమీన్ వేలానికి మిగులుతుంది.

బయటి దునియా కూడా చూద్దాం. వియన్నా షహర్ మొదటి జంగ్ తర్వాత దివాలా తీసి ఉంది. అయినా ఉన్నవాళ్ల మీద ఇళ్ల ట్యాక్స్ వేసి, మున్సిపాలిటీయే మజ్దూర్లకు 60 వేల పైచిలుకు ఇళ్లు కట్టింది. అందులో కార్ల్ మార్క్స్ హాఫ్ 1930లో ఓపెన్ అయింది. కిలోమీటరు పొడుగు బిల్డింగు, 1,382 ఇళ్లు, లోపలే దోభీఖానా, పిల్లల బడి, దవాఖానా, లైబ్రరీ. ఎదురుగానే హైలిగెన్‌స్టాట్ రైల్వే స్టేషన్. ఎవడికీ అమ్మలేదు. నూరేళ్లు కావస్తున్నా ఇప్పటికీ షహర్‌దే, ఇప్పటికీ కిరాయికే.

సింగపూర్ 1960లో హౌసింగ్ బోర్డు పెట్టింది. ఈ రోజు అక్కడి బాషిందాల్లో పదిమందికి దాదాపు ఎనిమిదిమంది ఆ బోర్డు ఇళ్లలోనే ఉంటారు. కొత్త బస్తీ కట్టేటప్పుడే నడుమ రైలు స్టేషను, బస్టాండు పెట్టుకుంటారు. 1989 నుంచి ప్రతి బ్లాకులో చీనీ, మలయ్, హిందుస్తానీ ఖాందాన్‌లు కలిసుండాలని ఖాయిదా కూడా పెట్టారు. ఆ ఖాయిదాలో తక్లీఫ్‌లు లేవనను, అమ్ముకునేటప్పుడు తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లకే ఇబ్బంది ఎక్కువ. అయినా ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. దానికి నా సొంత కారణం ఉంది.

నేను నౌకరీ కోసం షహర్ అవతలి వైపు ఇల్లు వెతికిన రోజులు మర్చిపోలేను. ఫోన్లో నా తెలుగు విని "రండి సార్, చూడండి సార్" అనేవాళ్లు. పేరు చెప్పగానే "మా ఆవిడతో మాట్లాడి చెప్తా" అనేవాళ్లు. ఆ ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు. ఇట్లా పదకొండు ఇళ్లు. మనలో ప్రతి ఖాందాన్‌కీ ఇట్లాంటి కిస్సా ఒకటి ఉంది, చెప్పుకోవడానికి షర్మ్ పడి దాచుకుంటాం. 2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జిల్లాలో నూటికి 43 మందికి పైగా మనవాళ్లే. అయినా స్టేషన్ పక్క అపార్ట్‌మెంటులో దర్వాజా తెరుచుకోదు. మనం మొహల్లా వదిలి రామని తానా కొడతారు కానీ, రానివ్వని తాళాల గురించి మాట్లాడరు. సర్కారు కిరాయి ఇంటికి డ్రా తీస్తే డబ్బాలోంచి నంబరు వస్తుంది, నామ్ రాదు. అక్కడ మాలిక్ ముఖం చూసి ఇల్లు ఇవ్వడు, ఎందుకంటే మాలిక్ షహర్. దళిత్ ఖాందాన్‌కీ ఇదే దర్ద్, ఒంటరి ఔరత్‌కీ ఇదే దర్ద్. ఈ డిమాండ్ మన ఒక్కరిదే కాదు, అందుకే గట్టిగా అడగొచ్చు.

ఇక పాత షహర్ మెట్రో. ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగిపోయిన లైను మీద ఎన్నేళ్లు వాదాలు విన్నామో లెక్కే లేదు. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర పునాది రాయి వేశారు. ఇప్పుడు చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు అంటున్నారు. రోడ్డు వెడల్పులో పోయే ఇళ్లకూ దుకాణాలకూ గజానికి 81 వేలు ఖాయం చేశారు. మెట్రో రావాలి, నేను ఖుష్. దారుషిఫా నుంచి షంషేర్‌గంజ్ దాకా మన పిల్లలు ఏసీ రైల్లో కూర్చుని యూనివర్సిటీకి పోవాలి. కానీ గజానికి 81 వేలు ఎవరికి? గజాలున్న మాలిక్‌కి. గజం జమీన్ లేని కిరాయిదార్‌కి ఏ లెక్కన కడతారు? ఏళ్ల తరబడి దుమ్ము తినేది అతనే, రోడ్డు తవ్వితే గిరాకీ పోగొట్టుకునేది అతనే. రైలు వచ్చిన రోజున మాలిక్ వచ్చి "స్టేషన్ పడింది కదా, కిరాయి పదివేలు" అంటాడు. మెట్రో కోసం ఇంతెజార్ చేసినవాడు మెట్రో వచ్చాక మెట్రోకి దూరమైపోతాడు. పట్టాలు పడకముందే ఆ లైను పక్క సర్కారు జమీన్ ఎంతుందో లిస్టు తీసి గరీబు ఇళ్లకు పక్కన పెట్టకపోతే, ఆపాని ఈసారి డ్రా కాదు, కిరాయి బయటికి తోస్తుంది.

"కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కూడా ఒకప్పుడు అడివే, ఈ రోజు చూడు మెట్రో స్టేషనే ఉంది. కొల్లూరు కూడా అట్లే అయితది, సబర్ చెయ్" అంటారు కొందరు. అయితే కావచ్చు. కానీ నెల జీతం వచ్చేవాడి సబర్ వేరు, రోజు మజ్దూరీవాడి సబర్ వేరు. ఇంటర్ చదివే బేటీ ఇరవై ఏళ్లు ఆగి సెకండ్ ఇయర్ పరీక్ష రాయలేదు.

"గరీబులకు ఇస్తే లిఫ్టు రెండ్రోజుల్లో చెడగొడతారు, బిల్డింగు ఖచ్రా చేస్తారు" అనేవాళ్లూ ఉన్నారు. లిఫ్టు చెడగొట్టేది గరీబీ కాదు. మరమ్మతుకి పైసలు పెట్టకుండా చాబీలిచ్చి చేతులు దులుపుకోవడం. స్టేషన్ పక్క బిల్డింగుకి కింది మాలా మొత్తం దుకాణాలు పెట్టండి. మెడికల్ షాపు, చాయ్‌ఖానా, దర్జీ, మొబైల్ దుకాణం. ఆ కిరాయితో లిఫ్టు, మోటారు, చౌకీదార్ జీతం నడిపించండి. అక్కడ అడుగు పెట్టే జనం ఉంటారు కాబట్టి దుకాణాలు నడుస్తాయి. ఊరవతల బ్లాకు కింద దుకాణం పెడితే ఈగలు తోలుకోవాలి.

ఇప్పుడు మనవాళ్లతో ఒక మాట, కడువుగా ఉన్నా వినండి. మనం ఎన్నికలప్పుడు ఏం అడుగుతున్నాం? షాదీఖానా, కబ్రస్తాన్ గోడ, రంజాన్‌లో దావత్. మన లీడర్లు కూడా అవే వాదా చేస్తారు, సస్తాలో అయిపోతుంది కాబట్టి. షాదీఖానా వద్దనను. కానీ షాదీ ఒక్కరాత్రి. ఆ రాత్రి తర్వాత దుల్హన్ ఏ గదిలోకి పోతుంది? కర్టెన్ కట్టిన సగం గదిలోకి. ఇల్లు ఎక్కడ కడతారు అని ఏ జల్సాలోనైనా ఎవరైనా లేచి అడిగారా?

"వక్ఫ్ జమీన్‌లు ఉన్నాయి కదా, వాటి మీద కట్టుకుందాం" అనే భాయిలు ఉన్నారు. వక్ఫ్ వేరే అమానత్, ఏ మక్సద్‌కి రాసిచ్చారో దానికే. దాన్ని కబ్జాల నుంచి విడిపించే లడాయి వేరే. ఆ పేరు చెప్పి షహర్ జమీన్ మీద మన హక్‌ని మనమే వదులుకోవద్దు. మనం ఇక్కడ మెహమాన్‌లం కాదు, ట్యాక్స్ కట్టే బాషిందాలం.

ఆంధ్రలో ఉన్న మన ఖాందాన్‌లకూ ఇదే సంగతి. కర్నూలు జగన్నాథగట్టు మీద టిడ్కో ఇళ్లు, విజయవాడ అంచున జక్కంపూడి కాలనీ చూసినవాళ్లకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడ మెట్రో లేకపోవచ్చు, బస్టాండు ఉంది, రైల్వే స్టేషన్ ఉంది, వాటి పక్కన మున్సిపాలిటీ జాగాలు ఉన్నాయి. సవాల్ అదే.

మరి ఏం అడగాలి? నా తరఫున ఐదు మాటలు. ఒకటి, స్టేషన్లకూ డిపోలకూ నడిచిపోయే దూరంలో సర్కారుదీ మున్సిపాలిటీదీ ఎంత జమీన్ ఉందో లిస్టు తెలుగులో, ఉర్దూలో బయట పెట్టాలి. రెండు, ఆ లిస్టులో ఉన్నదేదీ అమ్మొద్దు. బిల్డింగు కడితే కనీసం మూడో వంతు తక్కువ కిరాయి ఇళ్లు ఉండాలి. మూడు, మెట్రో చేతులు మారే కాగజ్‌లలోనే ఈ షర్త్ రాయాలి. నాలుగు, పాత షహర్ లైనులో మాలిక్‌తో పాటు కిరాయిదార్ల పేర్లు కూడా సర్వేలో ఎక్కాలి, కొత్త ఇళ్లలో మొదటి హక్ వాళ్లకే ఇవ్వాలి. ఐదు, దూరంలో ఇల్లొచ్చి తాళం వేసుకున్నవాళ్లను ముజ్రిమ్‌లలా చూడటం ఆపి, ఆ చాబీ వాపస్ తీసుకుని దగ్గర్లో కిరాయి ఇల్లిచ్చే బద్లీ దారి తెరవాలి.

పెద్ద బేటీ ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. ఈద్ రోజు ఆ చుట్టం పోయాక నా పక్కన కూర్చుని అడిగింది. "మామూ, ఆ చాబీ వాపస్ ఇచ్చేద్దామా? దాన్ని చూసినప్పుడల్లా అమ్మీ రోతుంది." నేనన్నాను, "ఇద్దాం బేటా. కానీ ఊరికే ఇవ్వొద్దు. ఎందుకు ఇస్తున్నామో రాసి ఇద్దాం."

దర్ఖాస్తు రాసి పెట్టాను. తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. వచ్చే సోమవారం ప్రజావాణికి ఆపా, నేను పోతున్నాం. ఆ గల్లీలోనే ఇట్లాంటి చాబీలు ఇంకో నాలుగు ఉన్నాయని ఆపా చెప్పింది. వాళ్లనీ అడిగాం, ఇద్దరు వస్తామన్నారు. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి చాబీ ఉంటే షర్మ్ పడి దాచుకోకండి. తీసుకుని రండి.